పోలారావు సెన్సారు

పూండి రైలు గేటు దాటాక వచ్చే ఆ వీధిలో, పోలారావు చూడకుండా పిల్లలెవరూ సూపర్‌హీరో సినిమా చూడకూడదు. ఇది పంచాయతీ తీర్మానం కాదు, పోలీసువారి హెచ్చరిక అంతకన్నా కాదు. పోలారావు పట్టుదల, అంతే. గాల్లో ఎగిరేవాడు, గోడలు పాకేవాడు, కళ్ళలోంచి మంటలు కక్కేవాడు, ఎవడైనా సరే కాశీబుగ్గ హాల్లో దిగాడంటే, మొదటి రోజు మొదటి ఆటకి భుజాన తువ్వాలుతో పోలారావు ముందు వరసలో ఉండాల్సిందే. ఆయన చూసొచ్చి, "పరవానేదు, పిల్లలకి పెట్టొచ్చు" అంటేనే సినిమా. చంటిపిల్లకి ముద్ద పెట్టే ముందు తల్లి వేడి చూసుకున్నట్టు, ఆయన సినిమాకి వేడి చూసేవాడు.

మిగతా సినిమాల జోలికి పోయేవాడు కాదు. "ప్రేమ సినిమాలు, నరుక్కునే సినిమాలు తీసేవోళ్ళు పిల్లల కోసం తీసినామని సెప్పరు. ఈళ్ళు మాత్రం పలకల మీద, సంచుల మీద, నీళ్ళసీసాల మీద బొమ్మలేసి మరీ పిలుత్తారు. అంత పిలిసేవోణ్ణి ఒకపాలి సూడాలా, వొద్దా?" అనేవాడు.

ఇంత అధికారం ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆయన వ్యాన్‌లోంచి వచ్చింది. పోలారావుకి కొబ్బరితోట, జీడితోట ఉన్నాయి. ఒక పాత వ్యాను కూడా ఉంది. మామూలు రోజుల్లో అది జీడిపిక్కల బస్తాలు మోసేది. డయాలసిస్ రోజుల్లో చుట్టుపక్కల కిడ్నీ జబ్బువాళ్ళని పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. సెలవు రోజున పిల్లలది. టిక్కెట్లు ఆయనవి, సమోసాలు ఆయనవి, దారిలో వాంతి చేసుకున్నవాడి మొహం కడిగేదీ ఆయనే. ఇక ఏ తల్లిదండ్రులు ఎదురు చెబుతారు?

ఆయన మేనకోడలు సింధూరకి మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. సింధూర పలాసలో ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు చెబుతుంది. సాయంత్రాలు మావయ్య ఇంటి అరుగు మీద వీధి పిల్లలకి ట్యూషను. అందువల్ల తీర్పు వెలువడే వేళకి ఎప్పుడూ అక్కడే ఉండేది. వ్యాను ఆగగానే పిల్లలు పుస్తకాలు వదిలేసి చుట్టూ మూగేవారు.

"ఏమయింది మావయ్యా, పాసా ఫెయిలా?" అని ఆమె అడిగేది.

"ఫెయిలే. ఇద్దరు కొట్టుకుని ఊరంతా పడగొట్టేసినారు. తరవాత హీరో బట్టలు దులుపుకుని ఎగిరెల్లిపోనాడు. ఒక్కడంటే ఒక్కడు సీపురు పట్టుకోనేదమ్మీ! తిత్లీ తుఫానుకి మన తోటలో పడిన సెట్లు తియ్యడానికి మన నడుములు ఇరిగిపోలేదేటి? మరి ఆ ఊరోళ్ళ గతేటి? ఇది సూత్తే, పడగొట్టడమే పని, ఎత్తడం ఇంకెవుడిదో అనుకుంటారు పిల్ల గుంటలు."

ఆ సినిమా రెండో భాగంలో హీరో కాసేపు ఇటుకలు మోశాడు. వెంటనే పాసు.

ఇంకో సినిమాలో హీరో రోజూ కిటికీలోంచి దూకి ఊరిని కాపాడటానికి వెళ్ళేవాడు. అదీ ఫెయిలే. "కాపాడితే కాపాడాడు గాని, తల్లికి సెప్పి ఎల్లొచ్చు కదా? అన్నం ముందర కూకుని ఎదురు సూత్తంది ఆ తల్లి. సూడలేకపోనాను."

ఒకసారి టిక్కెట్ల కుర్రాడితో పెద్ద వాదన పడింది. సింధూర పక్కనే ఉంది.

"మీరెందుకండీ అంత శ్రమ పడటం? బోర్డువాళ్ళే చూసి పదమూడు ప్లస్ అని ఇచ్చారు కదా," అన్నాడా కుర్రాడు.

"పదమూడంటే ఏ గుంటడికి? బొంబాయి గుంటడికా, పూండి గుంటడికా?"

"ఎక్కడైనా పదమూడు పదమూడే కదండీ!"

"కాదు. మా ఈదిలో ఒకడున్నాడు. పావుని సూత్తే తోక పట్టుకుంటాడు. బుడగ పేలితే మంచం కిందకి దూరిపోతాడు. ఆడికి ఎంత ప్లస్సు? సెప్పు మరి!"

కుర్రాడు టిక్కెట్టు చించి ఇచ్చాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. విసుగొచ్చేదల్లా హాల్లోనే. పాసైన సినిమాకి పిల్లల్ని తీసుకెళ్ళాక కూడా పోలారావుని నమ్మడానికి లేదు. కథ మాంచి పట్టులో ఉండగా దిగ్గున లేచి, వెనక వరస దాకా వినబడే గుసగుసతో, "లెగండి లెగండి! అందరూ మూత్రాలకి!" అనేవాడు.

"మావా, నాకు రావట్లేదు."

"వొత్తాది. కొళాయి సప్పుడు ఇంటే అదే వొత్తాది."

"ఇంటర్వెల్‌లో ఎల్తాను మావా!"

"ఇంటర్వెల్‌లో జనవుంటారు. పా!"

కోళ్ళని గంప కిందకి తోలినట్టు అందరినీ తోలుకెళ్ళి, వచ్చినా రాకపోయినా నిలబెట్టి, కొళాయి తిప్పి, చాలాసేపటికి గాని తిరిగి రానిచ్చేవాడు కాదు. ఆడపిల్లలతో సింధూర వెళ్ళాల్సిందే. తిరిగొచ్చి కూర్చునేసరికి హీరో ఏదో సమాధి ముందో, దండేసిన ఫొటో ముందో పళ్ళు బిగించి నిలబడి ఉండేవాడు. ఎందుకలా నిలబడ్డాడో ఎవరికీ తెలిసేది కాదు.

దీని గురించి పోలారావు భార్య రమణికి సొంత అభిప్రాయం ఉంది. "మీ మావయ్యకి సుగరొచ్చిందమ్మా. బయటికి సెప్పుకోడు. తనకొచ్చినప్పుడల్లా పిల్లల్ని అడ్డం పెట్టుకుంటన్నాడు." సింధూరకి అది నిజమే అనిపించింది. బలవంతాన రక్తపరీక్ష చేయించింది. సుగరు లేదు సరికదా, ఆ వయసుకి ఇంత బాగున్న రక్తం చూడలేదని పరీక్ష చేసినాయన మెచ్చుకున్నాడు. రమణి మాత్రం ఆ మెషినే తప్పని తేల్చేసింది.

ఇలా ఉండగా వేసవి సెలవుల్లో 'ఉక్కు డేగ' వచ్చింది.

అప్పటికే సింధూర ట్యూషను పిల్లలకి మాటిచ్చేసింది, అందరూ లెక్కల్లో గట్టెక్కితే డేగని చూపిస్తానని. డేగ పేరు చెప్పి పిల్లలు భిన్నాల్ని కూడా జయించారు. అదే వీధిలో ఉండే జయకృష్ణ కూతురు పైడితల్లి అయితే తను చదువుకోవడమే కాక, చిన్నవాళ్ళ చెవులు పట్టుకుని మరీ ఎక్కాలు చెప్పించింది. పన్నెండేళ్ళ పిల్ల. నాన్నమ్మ పేరు పెట్టుకోవడం వల్లనో ఏమో, మాటల్లో నాన్నమ్మలాగే ఉంటుంది. వాళ్ళ నాన్న జయకృష్ణ కొబ్బరి వ్యాపారం చేసుకునేవాడు. కిడ్నీలు పాడై, ఇప్పుడు పోలారావు వ్యానులో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళలో ఒకడయ్యాడు.

పోలారావు మొదటి ఆట చూసొచ్చాడు. వ్యాను దిగి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికెళ్ళి చెంబెడు నీళ్ళు తాగాడు.

"బాగోదు," అన్నాడు.

"ఏం మావయ్యా?"

"డేగకి మీసం నేదు."

అరుగు మీద పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత సింధూర, "మీసం లేకపోతే పిల్లలు చూడకూడదా?" అంది.

"ముక్కు కూడా వంకరే."

మర్నాడు పొద్దున్న అడిగితే, పాటలు లేవన్నాడు. మధ్యాహ్నానికి హాల్లో ఏసీ పనిచెయ్యడం లేదన్నాడు. సాయంత్రం, డేగ అంటే కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది కదా, దాన్ని హీరోని చెయ్యడమేటని ఎదురు ప్రశ్న వేశాడు. చీపురు గురించీ, తల్లికి చెప్పకపోవడం గురించీ కోర్టులో లాయరులా మాట్లాడిన మనిషి, ఇప్పుడు కారణం కోసం జేబులు తడుముకుంటున్నాడు. సింధూరకి పౌరుషం వచ్చింది. మావయ్య మేనకోడలే కదా, పట్టుదల ఆమెకీ తక్కువ లేదు.

ఆదివారం ఒక్కతే వెళ్ళి సినిమా చూసింది. కథ ఒక మెకానిక్ కొడుకుది. తండ్రికి జబ్బు చేస్తుంది. కొడుకు పాత ఇనుముతో రెక్కలు చేసుకుంటాడు. తండ్రి ఆసుపత్రిలో కన్ను మూస్తాడు. ఆ తరవాత కొడుకు ఎగరడం నేర్చుకుని, వరదలో చిక్కుకున్నవాళ్ళని ఒడ్డుకి చేరుస్తాడు. చివర్లో బురద కూడా ఎత్తుతాడు. రక్తం లేదు, బూతు లేదు. తండ్రి పోయే చోట సింధూర కళ్ళు తుడుచుకుంది, మంచి సినిమా అనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు. నేరుగా మావయ్య ముందుకొచ్చి నిలబడింది.

"చూశాను. అందులో ఏ తప్పూ లేదు. నీకిష్టమైన చీపురు కూడా ఉంది."

"కాదంటే కాదు."

"అయితే నేనే తీసుకెళ్తాను. ఆటోలు మాట్లాడుకుంటాను. మాటిచ్చాను మావయ్యా. మాట తప్పితే రేపు నేను లెక్కలు చెబితే ఎవరు వింటారు?"

పోలారావు తువ్వాలు దులిపి ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకున్నాడు. రమణి లోపల్నుంచి, "ఒప్పేసుకో, పిల్ల అలిగిపోతాది!" అని కేకేసింది.

"సరే. వ్యాను నాదే, నానే తోల్తాను. ఒకటే మాట. హాల్లో నాను లెమ్మంటే లెగాల. ఎందుకని అడక్కూడదు."

"నీ సుగరు సంగతి మాకు తెలుసులే, పద," అంది సింధూర.

హాల్లో పిల్లలు ఒక వరసంతా ఆక్రమించారు. గోడవైపు చివరి సీట్లో పైడితల్లి, ఒళ్ళో జంతికల పొట్లం. సినిమా మొదలైంది. డేగ ఇనుప రేకులు ఏరుకున్నాడు, అతికాడు, గోదాము కప్పు మీంచి దూకి చెత్తకుప్పలో పడ్డాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. పోలారావు నవ్వలేదు. సీటు అంచు మీద కూర్చుని, రాబోయే రైలు కోసం చూసే గేటుమేన్‌లా ఉన్నాడు.

డేగ ఫోను మోగింది. తరవాత సీను ఆసుపత్రి అని సింధూరకి తెలుసు.

"లెగండి! అందరూ మూత్రాలకి!"

వరస కదిలింది. ఆడపిల్లలు తమంతట తామే లైను కట్టి పోయారు, అలవాటైపోయిన దారి. సింధూర మాత్రం ఈసారి లేవలేదు. మావయ్య నీడ తెర మీదుగా వెళ్ళిపోయింది. తెర మీద మంచం, గొట్టాలు, పక్కన ఒక మెషిను, మంచం మీద తండ్రి.

ఆమెకి అప్పుడు వెలిగింది. సమాధులు, దండేసిన ఫొటోలు. ప్రతిసారీ తాము కొళాయి దగ్గర నిలబడ్డప్పుడు ఇక్కడ ఒక తండ్రి పోతున్నాడు. మావయ్య మొదటి ఆటకి వెళ్ళి వెతుక్కునేది ఆ సీను కోసమే. మీసం కాదు, ముక్కూ కాదు.

"అక్కా, జంతిక కావాలా?"

సింధూర ఉలిక్కిపడి చూసింది. చివరి సీట్లో పైడితల్లి కదలకుండా కూర్చుని ఉంది.

"నువ్వెళ్ళలేదేంటే?"

"నాకు రాలేదు."

ఇంతలో తలుపు దగ్గర తువ్వాలు కనబడింది. కొళాయి దగ్గర తలలు లెక్కపెట్టుకుని ఒకటి తగ్గేసరికి పోలారావు పరుగున వచ్చేశాడు. వచ్చినవాడు వచ్చినట్టే పైడితల్లి ముందు నిలబడి, తువ్వాలు రెండు చేతులా విప్పి, తెరకి అడ్డంగా పట్టుకున్నాడు.

వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. "ఓయ్ పెద్దాయనా, కూకో!" "తువ్వాలు ఆరేసుకోడానికి ఇక్కడికొచ్చినావేటి?"

"పా గుంటా, మూత్రానికి!" అన్నాడు పోలారావు.

"రాలేదు మావా. అడ్డు లెగు."

"ఇది నువ్వు సూడకూడదమ్మా. బాగోదు."

"నువ్వు పెతీసారీ తీసుకెల్పోతావు. నాను మూత్రానికెల్లి వొచ్చేసరికి హీరోకి బలం వొచ్చేసుంటాది. ఎక్కణ్ణుంచొచ్చిందో నాకు ఎప్పుడూ తెలీదు మావా. ఈసారైనా సూడనియ్యి."

పోలారావు చేతులు కొద్దిగా దిగాయి. తువ్వాలు మీంచి తొంగిచూసిన పైడితల్లి ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"మావా, మావా, అటు సూడు! ఆ మెషినికి ప్లగ్గే నేదు!"

పోలారావు వెనక్కి తిరిగి చూశాడు. సింధూర చూసింది. నిజమే. లైట్లు మిణుకుమిణుకుమంటూ మెషిను నడిచిపోతోంది. దాని వైరు చుట్టచుట్టి దాని మీదే ఉంది. వెనక వరసలో కేకలేసినాయన కూడా, "అవును గురూ, ప్లగ్గు నేదు!" అన్నాడు. ఆ చుట్టుపక్కల నవ్వులే నవ్వులు.

"మా నాన్న మెషినికైతే ఎంత పెద్ద ప్లగ్గో! ఈళ్ళెవరూ ఎప్పుడూ ఆసుపత్రికి ఎల్లనేదేటి?" అంది పైడితల్లి.

పోలారావు నడవా మెట్టు మీద కూలబడ్డాడు. తెర మీద తండ్రి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి పైడితల్లి నవ్వలేదు. జంతిక నమలడం ఆపింది. చీకట్లో చెయ్యి చాపి మావ తువ్వాలు కొస గుప్పిట్లో పట్టుకుంది. రెండో కొస ఆయన కళ్ళ దగ్గరుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో సింధూరకి తెలియలేదు.

డేగ గాల్లోకి లేచాక మిగతా పిల్లలు గుంపుగా వచ్చారు. "మావా, అందరికీ ఎప్పుడో అయిపోనాది! కొళాయి కట్టేసి వొచ్చేసినాం. ఏటయింది? ఏటయిందే పైడీ?"

"ఆళ్ళ నాన్న పోనాడు," అంది పైడితల్లి. "అందుకే అంత గట్టిగా ఎగురుతున్నాడు. కూకోండి, సూడండి."

తిరిగొచ్చేటప్పుడు సింధూర వ్యానులో ముందు కూర్చుంది. వెనక పిల్లలు కిటికీల్లోంచి చేతులు చాపి రెక్కలాడిస్తున్నారు.

"మీసం లేదన్నావు," అంది.

"నిజంగానే నేదు కదేటి."

"మావయ్యా!"

పోలారావు గేరు మార్చాడు. "జయకృష్ణని మొదటిసారి మెషినెక్కించిన రోజున ఈ గుంట బెంగెట్టుకుంటాదని సినిమాకి తీసుకెల్లినాను. సూసుకోకుండా తీసుకెల్లినాను. అందులో తండ్రి సచ్చిపోనాడు. గుంట ఏడవనేదమ్మీ. ఏడిత్తే బాగున్ను. సేతిలో సమోసా సేతిలోనే ఉండిపోనాది, ఇల్లు సేరే దాకా. అప్పుడనుకున్నాను, ఇంక నాను రుసి సూడకుండా ఈళ్ళకేదీ పెట్టకూడదని."

"మరి అందరినీ ఎందుకు లేపడం? దాన్నొక్కదాన్నే తీసుకెళ్ళొచ్చు కదా."

"దాన్నొక్కదాన్నే లేపితే దానికి తెలిసిపోదేటి?" అన్నాడు పోలారావు, ఇంత చదువుకున్నదానివి ఇది తెలీదా అన్నట్టు. "అందుకే అందరికీ మూత్రాలు."

సింధూరకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో పెద్దగా పొలమారింది. పోలారావు కంగారుపడి నీళ్ళసీసా అందించాడు.

ఆ వారం డయాలసిస్ రోజున సింధూర కూడా వ్యానెక్కింది. పోలారావు అందరినీ ఆసుపత్రి గుమ్మం దగ్గర దించి, ఎప్పటిలాగే వ్యాన్‌లోనే కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన ఆ గుమ్మం దాటలేదు. మందుల వాసన పడదనేవాడు. జయకృష్ణని లోపల దిగబెట్టి వచ్చిన సింధూర, కిటికీ దగ్గర నిలబడి చెప్పింది.

"జయకృష్ణన్న నిన్ను రమ్మంటున్నాడు. పైడి కథంతా చెప్పిందట గాని ఎగరడం సరిగా చెయ్యలేకపోయిందట. మావైతే చేసి చూపిస్తాడని చెప్పిందట."

"నానా? లోపలికా?"

"ముందు నేను చూసొచ్చాను మావయ్యా. పరవాలేదు, నువ్వు చూడొచ్చు."

పోలారావు ఆమెని ఎగాదిగా చూశాడు. తువ్వాలు దులుపుకున్నాడు. కిందకి దిగి, తోటలో కొత్త కూలీలా మొహమాటంగా నడిచి, గుమ్మం దాటాడు.

చల్లటి గది. వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక మెషిను. ఆయన చూపు ముందు గోడ మీదికే పోయింది, ప్లగ్గుల దగ్గరికి. అన్నీ పెట్టే ఉన్నాయి. అప్పుడు గాని జయకృష్ణ మొహం చూడలేకపోయాడు.

"రా మావా," అన్నాడు జయకృష్ణ నవ్వుతూ. "నాను ఎక్కడికీ ఎల్లనేను గదా, తీరిగ్గా సెప్పు."

ఐదు నిమిషాలే అని హెచ్చరించి నర్సు వెళ్ళిపోయింది. పోలారావు స్టూలు దగ్గరికి లాక్కుని మొదలెట్టాడు. ఇనుప రేకులు ఏరాడు, అతికాడు, స్టూలు మీంచి చెత్తకుప్పలో పడ్డాడు. పక్క మంచం ఆయన, తను మొదట్లో వినలేదని మళ్ళీ చెప్పమన్నాడు. ఎదురు మంచం ముసలామె గట్టిగా చెప్పమంది. పోలారావు మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు. ఈసారి తండ్రి పోయే చోట ఆగాడు. ఒకసారి జయకృష్ణ వైపు చూసి, దాటెయ్యకుండా అది కూడా చెప్పాడు. చెప్పి, తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని, చేతులు బార్లా చాపి, మంచాల మధ్యన గాల్లోకి లేచాడు.

జయకృష్ణ విరగబడి నవ్వాడు. వెంటనే అతని మెషిను కుయ్యికుయ్యిమని అరవడం మొదలెట్టింది. పోలారావు చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాడు.

నర్సు పరుగున వచ్చి ఏదో నొక్కింది. అరుపు ఆగిపోయింది. "ఏం కాలేదు, నవ్వులో చెయ్యి కదిపారు, అంతే. కదపకూడదని చెప్పానా లేదా?" అని జయకృష్ణని కోప్పడి, పోలారావు వైపు తిరిగింది. ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. పోలారావు అపరాధిలా చేతులు దించబోయాడు.

"మీరు రెక్కలు దించకండి," అంది నర్సు, మంచం కమ్మీకి ఆనుకుని. "ఆ వరదలోవాళ్ళు ఏమయ్యారో చెప్పండి ముందు."